యూనిట్ – 7 : పారిశ్రామిక సింగిల్ బోర్డు కంప్యూటర్లలో లినక్స్ అప్‌గ్రేడ్

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• పారిశ్రామిక సింగిల్ బోర్డు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ పొరలను గుర్తించగలుగుతారు.
• అప్‌గ్రేడ్ ఎప్పుడు అవసరమో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించగలుగుతారు.
• నాలుగు అప్‌గ్రేడ్ పద్ధతులను పోల్చగలుగుతారు.
• పని ఆగకుండా అప్‌గ్రేడ్ చేయడానికి ఒక ప్రణాళిక రాయగలుగుతారు.

7.1 పరిచయం

ప్రాసెసర్, మెమరీ, నిల్వ, పోర్టులు అన్నీ ఒకే సర్క్యూట్ బోర్డు మీద ఉండే కంప్యూటర్‌ను సింగిల్ బోర్డు కంప్యూటర్ అంటాం. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై అమ్మకానికి వచ్చిన తరువాత ఇవి విద్యార్థుల చేతికి కూడా అందాయి. పారిశ్రామిక రకం బోర్డులు మరికొంత దృఢంగా ఉంటాయి. 24 వోల్టుల డీసీ సరఫరాతో పనిచేస్తాయి. ప్యానెల్ బోర్డులోని డిన్ రైలుకు బిగించవచ్చు. సెన్సర్లతో మాట్లాడడానికి ఆర్‌ఎస్-485 పోర్టు ఉంటుంది. మెమరీ కార్డుకు బదులు బోర్డుకే అతికించిన ఈఎమ్‌ఎమ్‌సీ నిల్వ ఉంటుంది. జర్మనీకి చెందిన కున్‌బుస్ సంస్థ తయారుచేసే రెవల్యూషన్ పై ఇందుకు ఒక ఉదాహరణ. దాని లోపల ఉండేది రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూలే.

ఇంట్లో కంప్యూటర్ అప్‌గ్రేడ్ చెడితే ఒక సాయంత్రం వృథా అవుతుంది. కర్మాగారంలో చెడితే ఉత్పత్తి ఆగుతుంది. ఈ యూనిట్ అంతటా ఒక ఊహాత్మక ఉదాహరణను వాడుకుందాం. కామారెడ్డి జిల్లా రాజంపేట వంటి మండల కేంద్రంలో ఒక పాల శీతలీకరణ కేంద్రం ఉందనుకోండి. ఉదయం, సాయంత్రం రైతులు పాలు పోస్తారు. ఆ పాలను ట్యాంకులో 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి. ఉష్ణోగ్రత చదవడం, కంప్రెసర్‌ను నడపడం, కరెంటు పోతే జనరేటర్‌కు సంకేతం ఇవ్వడం, తూకం వివరాలు పంపడం ఒక లినక్స్ బోర్డు పని. అప్‌గ్రేడ్ తరువాత ఆ బోర్డు లేవకపోతే పాలు విరుగుతాయి. నష్టపోయేది ఒకటి రెండు గేదెలను నమ్ముకున్న రైతులు.

7.2 సాఫ్ట్‌వేర్ పొరలు

బోర్డులోని సాఫ్ట్‌వేర్‌ను ఐదు పొరలుగా చూడాలి.

(అ) బూట్‌లోడర్: కరెంటు రాగానే మొదట నడిచేది, కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది.
(ఆ) కెర్నల్: హార్డ్‌వేర్‌ను నడిపే కేంద్ర భాగం.
(ఇ) డివైస్ ట్రీ: ఏ పిన్నుకు ఏ పరికరం కలిసి ఉందో కెర్నల్‌కు చెప్పే పట్టిక.
(ఈ) రూట్ ఫైల్ సిస్టమ్: లైబ్రరీలు, పనిముట్లు, అమరికల ఫైళ్లు.
(ఉ) అప్లికేషన్: మన ఉదాహరణలో పాల ట్యాంకును నడిపే ప్రోగ్రామ్.

సాధారణ కంప్యూటర్‌లో బూట్‌లోడర్, కెర్నల్, రూట్ ఫైల్ సిస్టమ్ సాధారణంగా ఒకే పంపిణీ సంస్థ నుంచి వస్తాయి. పారిశ్రామిక బోర్డులో అలా కాదు. బూట్‌లోడర్, కెర్నల్, డివైస్ ట్రీ తరచుగా బోర్డు తయారీదారు ఇస్తాడు, రూట్ ఫైల్ సిస్టమ్ డెబియన్ వంటి పంపిణీ నుంచి వస్తుంది, అప్లికేషన్ మరొకరిది. డెబియన్ భాగాన్ని కొత్తది చేసి, తయారీదారు కెర్నల్‌ను పాతదిగానే ఉంచితే కొన్నిసార్లు నడుస్తుంది, కొన్నిసార్లు నడవదు. ఒక కెర్నల్ వెర్షన్ కోసం తయారుచేసిన డ్రైవర్ మాడ్యూల్‌ను మరో వెర్షన్ సాధారణంగా స్వీకరించదు. అందువల్ల మొదట వేయవలసిన ప్రశ్న ‘ఈ బోర్డుకు కొత్త వెర్షన్‌ను తయారీదారు ఇచ్చాడా?’ అన్నది.

7.3 అప్‌గ్రేడ్ ఎందుకు?

ఒక యంత్రం 10, 15 సంవత్సరాలు పనిచేస్తుంది. లినక్స్ పంపిణీల ఆయుష్షు అంత ఉండదు. డెబియన్ దాదాపు రెండేళ్లకు ఒక వెర్షన్ ఇస్తుంది. ఒక్కో వెర్షన్‌కు దీర్ఘకాల మద్దతుతో కలిపి సుమారు ఐదేళ్లు భద్రతా సవరణలు అందుతాయి. 2019 జులైలో వచ్చిన డెబియన్ 10కి ఆ మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. తరువాత డెబియన్ 11 (2021 ఆగస్టు), 12 (2023 జూన్), 13 (2025 ఆగస్టు) వచ్చాయి. మన దేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కు కూడా డెబియనే ఆధారం. ఈ అంతరాన్ని తగ్గించడానికి లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో 2016లో సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ మొదలైంది. ఎంపిక చేసిన కెర్నల్‌లను కనీసం పదేళ్లు నిలబెట్టడం దాని లక్ష్యం.

అప్‌గ్రేడ్‌కు మూడు ప్రధాన కారణాలు ఉన్నాయి.

మొదటిది భద్రత. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ లినక్స్‌తో నడిచే కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకుంది. అది వాడుకున్నది మార్చకుండా వదిలేసిన ఫ్యాక్టరీ పాస్‌వర్డులను. కాబట్టి అప్‌గ్రేడ్ ఒక్కటే రక్షణ కాదు, పాస్‌వర్డు మార్చడం కూడా అందులో భాగమే.

రెండవది 2038 సమస్య. పాత 32 బిట్ వ్యవస్థలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కిస్తాయి. ఆ లెక్క 2,14,74,83,647 దగ్గర నిండిపోతుంది. భారత కాలమానం ప్రకారం అది 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. తరువాతి క్షణం గడియారం 1901 డిసెంబరుకు పోతుంది. 32 బిట్ ఆర్మ్ బోర్డులకు 64 బిట్ కాలగణనను డెబియన్ తన 13వ వెర్షన్‌లో తెచ్చింది. నేడు బిగించే బోర్డు ఆనాటికి పనిచేస్తూ ఉండవచ్చు.

మూడవది కొత్త సామర్థ్యం. నిర్ణీత సమయంలో తప్పక స్పందించే రియల్ టైమ్ సౌకర్యం కోసం ఏళ్లపాటు విడిగా ప్యాచ్ వేయవలసి వచ్చేది. 2024 నవంబరులో వెలువడిన 6.12 కెర్నల్‌తో అది ప్రధాన లినక్స్‌లోనే చేరింది.

ఇక అప్‌గ్రేడ్ వద్దనుకోవడానికి కూడా న్యాయమైన సందర్భాలు ఉన్నాయి. బోర్డు ఏ నెట్‌వర్క్‌కూ కలవకపోతే, తయారీదారు కొత్త కెర్నల్ ఇవ్వకపోతే, దానిని ఫైర్‌వాల్ వెనుక వేరుచేసి, కొత్త బోర్డు కొనేవరకు నడపడం మేలు.

7.4 ఏవి మారతాయి?

వెర్షన్ మారినప్పుడు ప్రోగ్రామ్ మారకపోయినా దాని చుట్టూ ఉన్నవి మారతాయి. రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12 ఆధారానికి మారినప్పుడు ఇవి కనిపించాయి:

• నెట్‌వర్క్ నిర్వహణ నెట్‌వర్క్ మేనేజర్ చేతికి వెళ్లింది. పాత ఫైలులో రాసిన స్థిర ఐపీ చిరునామా కొత్త వ్యవస్థకు తెలియదు. బోర్డు నడుస్తుంది గానీ దూరం నుంచి అందదు.
• బూట్ అమరికల ఫైళ్ల స్థానం మారింది. పాత స్థానంలో రాసే స్క్రిప్టుకు ఫలితం ఉండదు.
• పైథాన్ 2 డెబియన్ 12లో లేదు. పైథాన్ 3కి అదనపు ప్యాకేజీలను నేరుగా వ్యవస్థలో చేర్చనివ్వదు. విడి పర్యావరణం సృష్టించుకోవాలి.
• 6.6 కెర్నల్‌తో పాత పద్ధతిలో వాడే పిన్నుల సంఖ్యలు 512 నుంచి మొదలయ్యాయి. 17వ పిన్నుకు సంకేతం పంపే పాత ప్రోగ్రామ్‌కు ఆ పిన్ను దొరకదు.

చివరి అంశాన్ని గమనించండి. మన ఉదాహరణలో ఆ పిన్ను కంప్రెసర్ రిలేది కావచ్చు. తెర మీద అంతా సవ్యంగా కనిపిస్తూనే ట్యాంకు చల్లబడకపోవచ్చు.

7.5 అప్‌గ్రేడ్ పద్ధతులు

7.5.1 ఉన్నచోటనే అప్‌గ్రేడ్: ప్యాకేజీ మూలాల ఫైలులో కొత్త వెర్షన్ పేరు రాసి, ముందు కనీస అప్‌గ్రేడ్, తరువాత పూర్తి అప్‌గ్రేడ్ చేయాలి. డెబియన్‌లో ఒక వెర్షన్‌ను దాటవేయకూడదు. 10 నుంచి 12కు వెళ్లాలంటే 11 మీదుగానే వెళ్లాలి. దూరం నుంచి చేస్తుంటే టీమక్స్ వంటి పనిముట్టులో నడపాలి. లేకపోతే సిగ్నల్ తెగినప్పుడు పని మధ్యలో ఆగుతుంది. ఈ పద్ధతిలో వెనక్కి తిరిగే దారి లేదు. రాస్ప్‌బెర్రీ పై సంస్థ కూడా పెద్ద వెర్షన్ మార్పుకు దీన్ని సిఫారసు చేయదు.

7.5.2 కొత్త ఇమేజ్ రాయడం: నిల్వను పూర్తిగా చెరిపి తయారీదారు ఇచ్చిన ఇమేజ్‌ను రాసి, అప్లికేషన్‌ను, అమరికలను తిరిగి చేర్చాలి. ఫలితం శుభ్రంగా ఉంటుంది. అమరికలన్నీ ముందే రాసిపెట్టుకోకపోతే మాత్రం కష్టం.

7.5.3 రెండు అరల పద్ధతి: నిల్వలో రెండు వ్యవస్థా విభాగాలు ఉంటాయి. మొదటిది నడుస్తుండగా రెండవదానిలో కొత్తది రాస్తారు. తిరిగి ప్రారంభించినప్పుడు బూట్‌లోడర్ కొత్తదాన్ని ప్రయత్నిస్తుంది. నిర్ణీత సార్లు విఫలమైతే పాతదానికి తిరిగి వస్తుంది. రౌక్, మెండర్, ఎస్‌డబ్ల్యూ అప్‌డేట్ ఈ పని చేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లు. డేటాకు మూడో విభాగం విడిగా ఉండాలి. ఇది బోర్డును బిగించే రోజునే ఆలోచించవలసిన ఏర్పాటు.

ఇక్కడ వాచ్‌డాగ్ టైమర్ పాత్రను అర్థం చేసుకోవాలి. మన పల్లెల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉండేవి. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగేది. బోరులో నీళ్లున్నాయా, పొలానికి తడి అవసరమా అన్నది దానికి తెలియదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్ మొదలైనప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులను కోరడానికి ఇదే కారణం. వాచ్‌డాగ్ కూడా అంతే. స్పందన ఆగితే బోర్డును తిరిగి ప్రారంభిస్తుంది తప్ప కొత్త వ్యవస్థ మంచిదో కాదో చెప్పదు. ‘సెన్సర్ చదివాను, రిలే పలికింది, సర్వర్ అందింది’ అని అప్లికేషన్ స్వయంగా నిర్ధారించిన తరువాతే కొత్త విభాగాన్ని ఖాయం చేయాలి.

7.5.4 బోర్డు మార్పిడి: ఒకే మోడల్ బోర్డు మరొకటి కొని, దానిని కార్యాలయంలోనే అప్‌గ్రేడ్ చేసి పరీక్షించి, కేంద్రానికి తీసుకువెళ్లి పాతదాని స్థానంలో పెట్టడం. వరి విత్తనాన్ని నారుమడిలో పెంచి, నిలదొక్కుకున్నాకే పొలంలో నాటినట్టు. చిన్న కేంద్రాలకు ఇది అన్నింటికన్నా సురక్షితం, ఎందుకంటే పాత బోర్డు చెక్కుచెదరకుండా చేతిలో ఉంటుంది. నెట్‌వర్క్ హార్డ్‌వేర్ చిరునామా, బోర్డు సీరియల్ నంబరుకు ముడిపడిన లైసెన్సులు మారతాయని మరువకూడదు.

7.6 ఒక ప్రణాళిక

1. నమోదు: బోర్డు మోడల్, కెర్నల్ వెర్షన్, ప్యాకేజీల జాబితా, ఐపీ చిరునామా, పిన్నుల పట్టిక కాగితం మీద రాయండి.
2. నిల్వ ఆరోగ్యం: ఈఎమ్‌ఎమ్‌సీకి పరిమిత సంఖ్యలోనే రాతలు సాధ్యం. నిరంతర లాగ్ రాతలతో 8 జీబీ చిప్ అరిగిపోయినందువల్ల 2021లో టెస్లా సుమారు 1.35 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. అరిగిన చిప్ మీద అప్‌గ్రేడ్ చేయకండి.
3. పూర్తి నకలు: బోర్డు పని ఆపిన స్థితిలో నిల్వ మొత్తం ఇమేజ్ తీసి, దానిని మరో బోర్డు మీద నడిపి చూడండి. నడిపి చూడని నకలు నకలు కాదు.
4. సమయం: ఉదయం పాలు చల్లబడి ట్యాంకర్ వెళ్లిన తరువాత, సాయంత్రం పాలు రాకముందు. శుక్రవారం, పండుగ ముందురోజు వద్దు.
5. చేతి నియంత్రణ: కంప్రెసర్ ప్యానెల్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చండి. బోర్డు లేకపోయినా థర్మోస్టాట్‌తో శీతలీకరణ సాగాలి. అలాంటి స్విచ్ లేకపోతే ముందు అది పెట్టించండి.
6. విద్యుత్తు: ఈదురుగాలికి లైను పోయే కాలంలో యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు.
7. గడువు: ‘మధ్యాహ్నం రెండున్నరకు అన్నీ పనిచేయకపోతే పాత బోర్డు పెడతాం’ అని ముందే రాసుకోండి. గడువు దాటాక ‘ఇంకో పది నిమిషాలు’ అనకండి.
8. అంగీకార పరీక్ష: సెన్సర్ ఉష్ణోగ్రతను విడి థర్మామీటర్‌తో పోల్చండి. రిలే పలికితే చాలదు, కంప్రెసర్ తిరగాలి. జనరేటర్ సంకేతం, హెచ్చరిక సందేశం, గడియారం చూడండి. చివరగా కరెంటు తీసి పెట్టి, ఎవరి సహాయం లేకుండా బోర్డు లేస్తుందో లేదో చూడండి.

కేంద్రంలో పాలు కొలిచే వ్యక్తికి మాన్యువల్ స్విచ్ ఎక్కడుందో చూపించి రండి. రాత్రి పదిగంటలకు అక్కడ ఉండేది ఆ వ్యక్తే, ఇంజనీరు కాదు.

7.7 సారాంశం

పారిశ్రామిక బోర్డులో సాఫ్ట్‌వేర్ పొరలు వేర్వేరు వనరుల నుంచి వస్తాయి. ఒకటి మారితే మరొకటి తప్పవచ్చు. భద్రత, 2038 సమస్య, కొత్త సామర్థ్యం అప్‌గ్రేడ్‌కు కారణాలు. ఉన్నచోట అప్‌గ్రేడ్ సులభంగా కనిపించినా వెనుదారి లేనిది. రెండు అరల పద్ధతి, బోర్డు మార్పిడి వెనుదారి ఉంచుతాయి. యంత్రం చేయవలసిన పని జరిగిందని పరీక్షలో తేలినప్పుడే అప్‌గ్రేడ్ పూర్తయినట్లు.

7.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్లుప్తంగా సమాధానాలు రాయండి.
1. డివైస్ ట్రీ అంటే ఏమిటి?
2. వాచ్‌డాగ్ టైమర్ ఏమి చేయగలదు, ఏమి చేయలేదు?
3. అప్‌గ్రేడ్ చేయకపోవడమే మేలైన రెండు సందర్భాలు తెలపండి.

II. వివరంగా సమాధానాలు రాయండి.
1. నాలుగు అప్‌గ్రేడ్ పద్ధతులను వెనుదారి, ఖర్చు, సమయం దృష్ట్యా పోల్చండి.
2. మీ ఊరి మంచినీటి ట్యాంకు పంపును ఒక లినక్స్ బోర్డు నడుపుతోందనుకుని, దాని అప్‌గ్రేడ్‌కు ప్రణాళిక రాయండి. పని చేయడానికి అనువైన సమయం ఏది, ఎందుకు?