కెమెరా కొంటున్నారా? ముందు ఎక్కడ తీస్తారో చెప్పండి

మీడియం బడ్జెట్‌లో ట్రావెల్ కెమెరా చెప్పమంటే నేను మెగాపిక్సెళ్లు లెక్కపెట్టను. ఎక్కడ తీస్తారని అడుగుతా. మన దగ్గరే మూడు చోట్లు చూద్దాం.

ఒకటి, జనగామ దగ్గరి పెంబర్తి. ఇత్తడి రేకు మీద సుత్తి ఆడుతూనే ఉంటుంది, లోపల వెలుతురు తక్కువ. ఇక్కడ పెద్ద సెన్సర్, మంచి లెన్స్ కావాలి. మామూలు కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్/5.6కి పడిపోతుంది. ఎఫ్/1.8 లెన్స్ దానికి 9 రెట్లకు పైగా వెలుతురు తీసుకుంటుంది. అన్నట్టు, పనిచేసేవాళ్లను అడిగాకే తీయండి.

రెండు, మహబూబాబాద్ జిల్లా భీమునిపాదం జలపాతం. నీళ్లు పాలధారలా రావాలంటే షట్టర్ అర సెకను తెరిచి ఉండాలి. పగలైతే ఫొటో తెల్లగా పోతుంది, అందుకే ఎన్‌డీ ఫిల్టర్, ట్రైపాడ్ ఉండాలి. ఖరీదైన బాడీ ఈ పని చేయదు.

మూడు, భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలు. రాతి చిత్రాల కోసం గుట్ట ఎక్కాలి, బరువు తక్కువుండాలి. ఫ్లాష్ వద్దు, రా ఫైల్‌లో తీయండి.

అంటే ఏంటి? డబ్బంతా కొత్త బాడీకి పోసి ఈఎంఐలో ఇరుక్కోకండి. ఒక తరం పాత ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ తీసుకోండి, మిగిలింది లెన్స్‌కి పెట్టండి. ఎండలో తీసి స్టేటస్ పెట్టడానికే అయితే, మీ ఫోనే చాలు!