గప్పీ చేపలు – పిల్లల పెంపకం

ముందుగా ఒక పొడుపు కథ. గుడ్డు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కంటుంది గానీ పాలివ్వదు. పాలివ్వకపోగా కన్న పిల్లల్నే మింగేస్తుంది. ఏమిటది?

జవాబు: గప్పీ చేప. మన సైన్సు గదిలో కిటికీ పక్కన గాజు తొట్టిలో రంగు తోకలతో తిరుగుతున్నవి అవే. ఐదు, ఆరు తరగతుల చెల్లెళ్ళు రోజూ వచ్చి "అక్కా, ఇవి ఏం తింటాయి? పిల్లలు ఎలా వచ్చాయి?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

గప్పీ ఎక్కడిది?

ఇది మన గెడ్డల చేప కాదు. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలోను, దాని పక్కనున్న ట్రినిడాడ్ దీవిలోను పుట్టిన చేప. ట్రినిడాడ్ నుండి ఈ చేపలను లండన్ మ్యూజియంకు పంపిన ఆయన ఇంటిపేరు గప్పీ. ఆ పేరే చేపకు వచ్చింది. ఇది దోమ పిల్లలను తింటుందని తెలిసి చాలా దేశాలకు తీసుకుపోయినారు. అలాగే మన దేశానికి కూడా వచ్చింది.

ఆడదా, మగదా?

మగ చేప చిన్నది. 2 లేక 3 సెంటీమీటర్లే ఉంటుంది. రంగులు, అందమైన తోక అన్నీ దానికే. ఆడ చేప 4 నుండి 6 సెంటీమీటర్లు పెరుగుతుంది. దాని ఒళ్ళు బూడిద రంగు. కడుపు వెనుక భాగంలో ఒక నల్లమచ్చ ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఆ మచ్చ ఇంకా నల్లబడుతుంది, పొట్ట ఉబ్బుతుంది. ఒక మగ చేపకు రెండు మూడు ఆడ చేపలు ఉండవలెను. మగవి ఎక్కువైతే ఆడ చేపల వెంటపడి వాటిని తిననివ్వవు, నిలవనివ్వవు.

తొట్టి తయారు చేయుట

1. రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న తొట్టిలో పది అంగుళాల ఎత్తు నీళ్ళు పోస్తే సుమారు 45 లీటర్లు పడుతుంది. అందులో పది పెద్ద చేపలు హాయిగా ఉంటాయి. గాజు తొట్టి లేనివారికి సిమెంటు గోలెం అయినా సరిపోతుంది.

2. బ్లీచింగ్ కలిపిన కుళాయి నీళ్ళు వెంటనే పోయరాదు. చేపలు చచ్చిపోతాయి. నీళ్ళు బకెట్లో పట్టి, మూత వెయ్యకుండా ఒక రోజు ఉంచితే ఆ వాసన పోతుంది. అప్పుడు పొయ్యాలి.

3. నాచు బాగా కడిగి వెయ్యాలి. నాచు అందం కోసం కాదు, పిల్లలు దాక్కోవడానికి.

4. వారానికి ఒకసారి నాలుగో వంతు నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పొయ్యాలి. మొత్తం ఒకేసారి మార్చరాదు.

పిల్లలను కాపాడుట

ఇదే అసలు విషయం. మిగతా చేపలు చాలా వరకు నీళ్ళలో గుడ్లు పెడతాయి. గప్పీ గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి పిల్లలై బయటికి వస్తాయి. సుమారు నాలుగు వారాలకు ఒకసారి ఈనుతుంది. ఒక ఈతకు 20 నుండి 40 పిల్లలు పుట్టవచ్చును. మొదటి ఈతలో తక్కువ ఉంటాయి. ఒకసారి మగ చేపతో కలిసిన తల్లి, మళ్ళీ కలవకపోయినా తరువాత కొన్ని ఈతలు ఈనగలదు. కాబట్టి మగ చేప లేని తొట్టిలో పిల్లలు కనిపిస్తే దెయ్యం పని అనుకోవద్దు!

పుట్టిన పిల్ల బియ్యపు గింజంత ఉంటుంది. పుట్టిన వెంటనే ఈదుతుంది. తల్లికి అది తన పిల్ల అని తెలియదు. కదిలేది కనిపిస్తే తినేదే అనుకుని మింగుతుంది. కాబట్టి పొట్ట బాగా ఉబ్బిన చేపను నాచు నిండుగా ఉన్న వేరే సీసాలోకో చిన్న తొట్టిలోకో మార్చాలి. వలతో కాకుండా గిన్నెతో నీళ్ళతో పాటు మెల్లగా ముంచి తీస్తే దానికి దెబ్బ తగలదు. ఈనడం అయిపోయాక తల్లిని మళ్ళీ పెద్ద తొట్టిలో వదిలెయ్యాలి. పిల్లలను ఒక నెల పైగా విడిగా పెంచాలి.

మేత

ఉడికించిన గుడ్డు పచ్చసొన మెత్తగా నలిపి వెయ్యాలి. ముప్పై పిల్లలకు ఒక పూటకు కందిగింజంత చాలు. రోజుకు మూడు పూటలు. మిగిలినది కుళ్ళితే నీళ్ళు విషమవుతాయి, పిల్లలన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. ప్రేమతో ఎక్కువ మేత వేసి చంపవద్దు. మనకు గుడ్డు పెట్టిన రోజు నా గుడ్డులోంచి కొంచెం పచ్చసొన కాగితంలో దాచి తెస్తున్నాను. వార్డెన్ మేడమ్ గారు కోప్పడవద్దని మనవి.

పెద్ద చేపలకు తవుడు, దోమ పిల్లలు.

తినని చేపను ఎందుకు పెంచాలి?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అమ్మ ఇదే అడిగింది. "కూరకు రాని చేపను మేపడం ఏమిటే?" అంది. నేను గోలెంలో కదులుతున్న దోమ పిల్లలను చూపించాను. ఎండాకాలంలో దోమ గుడ్డు పది రోజుల లోపే దోమై ఎగిరిపోతుంది. చేప ఉంటే ఎగరక ముందే తినేస్తుంది. పోయిన వర్షాకాలం మా తమ్ముడు చలిజ్వరంతో మంచం పట్టినాడు గనుక అమ్మకు ఇంక చెప్పనవసరం లేకపోయింది.

మలేరియాను దోమ మోస్తుందని కనిపెట్టిన పని మన తెలుగు నేల మీదే జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే గప్పీ ఒక్కటే చాలదు. మన కొండల్లో మలేరియా తెచ్చే దోమల్లో ఒక రకం, మెల్లగా పారే గెడ్డ అంచుల్లో గుడ్లు పెడుతుంది. అక్కడ మన తొట్టి చేప ఏమీ చెయ్యలేదు. దోమతెర కట్టుకోవాలి. జ్వరం వస్తే ఆ రోజే రక్తం పరీక్ష చేయించుకోవాలి.

ముఖ్య గమనిక

గెడ్డలో పారుతుంది కదా అని గప్పీలను గెడ్డలో వదలరాదు! ఇవి నెలనెలా ఈనే జాతి. మన చేపల గుడ్లు, పిల్లలు, వాటి మేత అన్నీ తింటాయి. ఇసుకలో దూరి బతికే మీసాల చిన్న చేపలు, రాళ్ళ సందుల్లో ఉండే చేపలు మన తాతల నాటి నుండి మన కూరకుండలోకి వస్తున్నవి. ఒక రోగం తగ్గించబోయి మన గెడ్డను ఖాళీ చేసుకోరాదు. తొట్టి చేప తొట్టిలోనే ఉండాలి. తాగే నీళ్ళ ట్యాంకులో కూడా వేయరాదు, దానికి మూత పెట్టాలి.

మన స్నానాల గది వెనుక ఉన్న సిమెంటు తొట్టిలో దోమ పిల్లలు నిండా ఉన్నాయి. వార్డెన్ మేడమ్ గారు అనుమతి ఇస్తే 9వ తరగతి వాళ్ళం దాన్ని కడిగి పది గప్పీలు వేస్తాము.

పిల్లలు ఇప్పుడు 26 ఉన్నాయి. ఇంటి దగ్గర గోలెం ఉన్నవారు ఆదివారం సీసా తెచ్చుకుంటే తలా మూడు ఇస్తాను. గెడ్డలో వదలనని మాట ఇచ్చినవారికే.

– 9వ తరగతి విద్యార్థిని