ఏ భుజానికి ఏ పరీక్ష?



రెక్కాడితే గాని డొక్కాడదని మన పెద్దలు అన్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో పత్తి, వేరుశనగ బస్తాలు మోసే కుటుంబాలకు ఆ మాట బాగా తెలుసు. కాబట్టి భుజానికి చేసే పరీక్షలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాము.

భుజపు కీలులో గుండ్రని ఎముక లోతులేని గిన్నెలో తిరుగుతుంది. అది జారిపోకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టియుంచుతాయి.

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే, ఎముక విరిగిందో కీలు తప్పిందో చూపుతుంది. ఖర్చు తక్కువ, మొదట తీయవలసినది అదే. అయితే అది నీడ మాత్రమే. మనిషి కొంచెం ఒరిగినా కొలత మారుతుంది. తెగిన కండరం అందులో కనబడదు. "ఎక్స్‌రే బాగుందట, చేయి మాత్రం లేవదు" అని ఇళ్లలో మేము వినే మాటకు ఇదొక కారణం.

1971లో మొదటిసారి రోగికి చేసిన సి.టి. స్కాన్ ఎముకను పొరలు పొరలుగా చూపుతుంది. గిన్నె ఎంత అరిగిందో, ఎంత వాలిందో కొలవడానికి ఎక్స్‌రే కంటె నమ్మకమైనది. కిరణాల మోతాదు మాత్రం ఎక్కువ.

ఎం.ఆర్.ఐ.లో ఆ కిరణాలుండవు, అయస్కాంతమే పనిచేస్తుంది. కండరాలు చక్కగా కనబడతాయి. ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నవారు ముందే చెప్పాలి. తక్కువ ఖర్చుతో అల్ట్రాసౌండ్ కూడా తెగిన కండరాన్ని చూపగలదు. అయితే చేసేవారికి అనుభవముండాలి.

కింద పడిన తరువాత చేయి పైకి లేవకపోతే నూనె మర్దనతో వారాలు గడపవద్దు. తెగిన కొస వెనక్కి లాగుకొనిపోయి, కండరం సన్నబడితే కుట్టడం కష్టం. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎముకల డాక్టరును కలిసి, "కండరం తెగిందేమో చూడండి" అని అడగండి. ఖరీదైన పరీక్షే గొప్పది కాదు. జబ్బుకు తగిన పరీక్షే మంచిది.