వృథా అయ్యే ఊపిరి

హైదరాబాదు నుండి ముంబయి పోయే పెద్ద రోడ్డు మీద, సుమారు 100 కిలోమీటర్ల దూరములో జహీరాబాదు పట్టణము ఉన్నది. దాని చుట్టుపట్ల ఎర్రనేలలు ఎక్కువ. చెరకు, కంది, జొన్న, అల్లము, ఆలుగడ్డ అక్కడి పంటలు. ఆ ప్రాంతపు ఏదో ఒక పల్లెలో ఒక ఇల్లాలిని ఊహించుకొందాము. ఆమెకు యాబది యేండ్లు. బీడీ, చుట్ట ముట్టి ఎరుగదు. చిన్ననాటి నుండి కట్టెల పొయ్యి ముందు కూర్చుండి జొన్నరొట్టెలు కాల్చినది. ఇంటిలో కూర్చున్నంతసేపు ఆమెకు ఏ బాధా లేదు. గడ్డిమోపు నెత్తికెత్తుకొని చేని గట్టు ఎక్కిందంటే మాత్రము రొప్పు వస్తుంది.

"ఏందక్కా, గట్ల రొప్పుతున్నవు?" అని పక్కింటామె అడుగుతుంది.

"ఏం లేదు చెల్లె, వయసు మీద పడ్తున్నది" అని ఈమె జవాబు.

ఆసుపత్రిలో ఒక యంత్రము లోనికి గట్టిగా ఊదించి చూస్తారు. "ఊపిరితిత్తులలో ఉన్న లోపము చాలా స్వల్పము" అంటారు. లోపము స్వల్పమైతే ఆయాసము ఇంత ఎక్కువగా ఎందుకు ఉండాలి? ఇది వయసు వలన వచ్చినదా, సోమరితనమా, లేక ఒట్టి భ్రమయా? ఈ మూడును కావని, ఆమె శరీరములో నిజముగానే ఒక పని కుంటుపడుతున్నదని ఈనాటి శాస్త్రము చెబుతున్నది. అది ఏమిటో తెలుసుకొందాము.

ఊదుడు పరీక్ష ఏమి చెబుతుంది?

ఊపిరిని కొలిచే యంత్రమునకు స్పైరోమీటరు అని పేరు. ఇంగ్లండులో జాన్ హచిన్సన్ అను వైద్యుడు 1846లో దీనిని గూర్చి వివరముగా ప్రకటించినాడు. రెండు వేల మందికి పైగా మనుష్యుల ఊపిరిని ఆయన కొలిచినాడు. ఒక్క సెకండులో ఎంత గాలి బయటికి వస్తుందో కొలవవలెనన్న ఆలోచన 1947లో ఫ్రాన్సులో టిఫ్నో, పినెల్లి అనువారు ప్రవేశపెట్టినారు. ఈనాటి పరీక్ష కూడ ముఖ్యముగా అదే. రొమ్ము నిండ గాలి పీల్చి, బలముగా ఊదవలెను. మొత్తము ఊదిన గాలిలో నూటికి 70 పాళ్లకు తక్కువ మొదటి సెకండులో వచ్చినచో, గాలిగొట్టములు ఇరుకైనవని అనుమానించవలెను. శ్వాసనాళములను సడలించే మందు పీల్చిన తరువాత కూడ అట్లే ఉంటే, దానిని దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి అంటారు. వైద్యులు క్లుప్తముగా సి.ఓ.పి.డి. అని పిలిచేది దీనినే. ఆ మొదటి సెకండు గాలి, అదే వయసు, అదే ఎత్తు గలవారికి ఉండదగినదానిలో నూటికి 80 పాళ్లు, లేదా అంతకంటె ఎక్కువ ఉన్నచో వ్యాధి 'స్వల్పము' అని లెక్క.

ఇక్కడ రెండు చిక్కులున్నవి. ఒకటి, ఆరోగ్యవంతులలో అందరి ఊపిరి ఒక్క కొలత కాదు. యౌవనములో నూటికి 115 పాళ్లు ఊదగలిగిన మనిషి, నేడు 85 పాళ్లకు దిగినాడనుకొందాము. అతడు తన శక్తిలో నాలుగవ వంతుకు పైగా పోగొట్టుకొన్నాడు. అయినను పట్టికలో అతని వ్యాధి స్వల్పమే! రెండవది, ఈ పరీక్ష కూర్చుండి చేసేది. అది గాలి వచ్చిపోయే దారిని చూపుతుంది. లోపల ఆ గాలిని రక్తము కలుసుకొన్నదా, లేదా అన్న సంగతి అది చెప్పలేదు.

నీరు పారినది, మొక్క లేదు

ఊపిరితిత్తులు ఒట్టి తిత్తులు కావు. శ్వాసనాళము కొమ్మలుగా, రెమ్మలుగా చీలి, చివర కోట్లకొలది చిన్న చిన్న వాయుకోశములతో ముగుస్తుంది. పెద్దవానిలో ఇవి 30 నుండి 50 కోట్ల వరకు ఉంటాయి. ప్రతి వాయుకోశము చుట్టును వెండ్రుకకంటె సన్నని రక్తనాళములు వలవలె అల్లుకొని ఉంటాయి. వాటిని కేశనాళికలంటారు. ప్రాణవాయువు రక్తములోనికి పోవడము, బొగ్గుపులుసు వాయువు బయటికి రావడము ఇక్కడనే జరుగుతుంది. ఒక ప్రక్క గాలి, మరొక ప్రక్క రక్తము, రెండును చేరితేనే శ్వాస పని పూర్తియగును.

కాలువ నుండి మళ్లకు నీరు పెట్టే రైతును తలచుకొనండి. మడికి నీరు పారినది. కాని ఆ మడిలో మొక్క లేదు. ఆ నీరు వృథాయే కదా! అట్లే వాయుకోశములోనికి గాలి పోయినను, దాని చుట్టూ రక్తము సరిగా పారకపోతే ఆ గాలి వృథా అవుతుంది. ఇట్లు వృథాయైన గాలి ఉండే చోటును 'మృతస్థలము' అంటారు. కోపెన్‌హాగెన్ నగరములో క్రిస్టియన్ బోర్ అను శాస్త్రజ్ఞుడు 1891లో దీనిని లెక్కగట్టే సూత్రమును ఇచ్చినాడు.

ఆరోగ్యవంతులలో కూడ కొంత మృతస్థలము ఉన్నది. ముక్కు, గొంతు, శ్వాసనాళములలో నిలిచే గాలి వాయుకోశములను చేరదు. పెద్దవానిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు. ఇక విద్యార్థులు ఈ చిన్న లెక్క చేయవచ్చును.

ఒకడు నిమిషమునకు 12 సార్లు, సారికి 500 మిల్లీలీటర్ల చొప్పున పీల్చుచున్నాడు. మొత్తము 6,000 మిల్లీలీటర్లు. ప్రతిసారి 150 వృథా, కనుక 350 మాత్రమే పనికి వచ్చును. నిమిషమునకు పనికివచ్చే గాలి 4,200 మిల్లీలీటర్లు. మరొకడు 24 సార్లు, సారికి 250 చొప్పున పీల్చినాడనుకొందాము. మొత్తము అదే 6,000. కాని పనికివచ్చేది సారికి 100 చొప్పున 2,400 మాత్రమే. పైపైన వేగముగా రొప్పేవానికి శ్రమ ఎక్కువ, ఫలము తక్కువ అనుట ఇందువలననే.

ఇప్పుడు పని చేస్తున్న మనిషిని తీసుకొందాము. ఆ పనికి నిమిషమునకు 30 లీటర్ల పనికివచ్చే గాలి కావలెను. ఆరోగ్యవంతునికి పీల్చిన గాలిలో అయిదవ వంతు వృథా అయితే, అతడు 37.5 లీటర్లు పీలిస్తే చాలును. కేశనాళికలు చెడినవానికి నూటికి 35 పాళ్లు వృథా అయితే, అదే పనికి 46 లీటర్లు పీల్చవలెను. ఇవి బోధకొరకు తీసుకొన్న అంకెలే అయినను, వ్యాధి స్వభావము ఇదియే. బరువు ఒకటే, గట్టు ఒకటే, ఊపిరి మాత్రము ఎక్కువ కావలసి వస్తుంది.

ఇంత ఎక్కువ ఊపిరి పీల్చుమని ఆజ్ఞ ఇచ్చేది మెదడు. రక్తములో బొగ్గుపులుసు వాయువు పేరుకొనకుండ అది కనిపెట్టి ఉంటుంది. అందుచేత ఇటువంటివారి వ్రేలికి ఆక్సీమీటరు తగిలించి చూచినను ప్రాణవాయువు అంకె తరచుగా బాగుగానే ఉంటుంది. అంకె బాగున్నది కనుక ఆయాసము అబద్ధమనరాదు. ఆ అంకెను అట్లు నిలిపి ఉంచుటకే ఆమె రొప్పుచున్నది.

సగము పిండిన కొలిమితిత్తి

రెండవ కారణము గాలి చిక్కుబడుట. రెండు మిల్లీమీటర్లకంటె సన్నని శ్వాసనాళములే ఈ వ్యాధిలో ముందుగా దెబ్బతింటాయి. మాంట్రియల్ నగరములో హాగ్, మాక్లెమ్, థర్ల్‌బెక్ అనువారు 1968లో ఈ సంగతిని ప్రకటించినారు. ఈ నాళముల సంఖ్య చాలా పెద్దది. కనుక వాటిలో కొన్ని మూసుకొనిపోయినను ఊదుడు పరీక్షలో తేడా అంతగా కనబడదు.

కూర్చున్నప్పుడు నిమిషమునకు 12 ఊపిరులు. ఒక్కొక్కదానికి 5 సెకండ్ల వ్యవధి. ఇరుకు నాళముల నుండి కూడ గాలి మెల్లగా బయటపడుతుంది. గట్టు ఎక్కేటప్పుడు నిమిషమునకు 30 ఊపిరులు కావలెను. వ్యవధి రెండే సెకండ్లు. పాతగాలి పూర్తిగా పోకముందే కొత్తగాలి వచ్చిపడుతుంది. కమ్మరి కొలిమితిత్తిని పూర్తిగా పిండకుండ మరల మరల పైకి లాగితే ఏమవుతుంది? తిత్తి ఉబ్బియే ఉంటుంది, చేయి నొస్తుంది, గాలి మాత్రము కొద్దిగానే ఆడుతుంది. రొమ్ము కూడ అంతే. మెదడు 'ఇంకా పీల్చు' అంటుంది. రొమ్ము 'చోటు లేదు' అంటుంది. ఈ రెండింటి పెనుగులాటయే మనము ఆయాసమని అనుభవించేది.

కెనడా దేశములో కింగ్‌స్టన్ పట్టణపు క్వీన్స్ విశ్వవిద్యాలయములో ఓడానెల్ బృందము స్వల్పవ్యాధి గలవారిని సైకిలు యంత్రము మీద త్రొక్కించి పరీక్షించి, 2008లో ఫలితములను ప్రకటించినది. అదే శ్రమకు వారు ఆరోగ్యవంతులకంటె ఎక్కువ గాలి పీల్చవలసివచ్చినది, గాలి చిక్కుబడి రొమ్ము ఉబ్బినది, ఆయాసము ఎక్కువైనది. అదే దేశములో ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 2021లో మరియొక మెట్టు ముందుకు వేసినారు. ఊపిరితిత్తుల రక్తనాళములను సడలించే నైట్రిక్ ఆక్సైడు వాయువును అతి కొద్దిగా కలిపిన గాలిని పీల్పించినారు. స్వల్పవ్యాధి గలవారికి అదే పనికి ఊపిరి తక్కువ సరిపోయినది, శ్రమించే శక్తి పెరిగినది. ఆరోగ్యవంతులలో ఈ మార్పు లేదు. లోపము గాలి దారిలోనే గాక రక్తపు దారిలో కూడ ఉన్నదనుటకు ఇది బలమైన నిదర్శనము. ఇది పరిశోధన మాత్రమే. ఇంటిలో చేసుకొనే వైద్యము కాదు.

పొగ మాట

జహీరాబాదు సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది, అక్కడి గాలి పలుచన కావచ్చునా అని చురుకైన విద్యార్థి అడుగవచ్చును. ఆ ఎత్తున గాలి ఒత్తిడి నూటికి ఏడు పాళ్లు మాత్రమే తగ్గుతుంది. దానిని ఊపిరితిత్తులు లెక్కచేయవు. కారణము కొండలో లేదు, వంటయింటిలో ఉన్నది.

పొగాకు పొగ ఈ వ్యాధికి పెద్ద కారణమని అందరికి తెలుసు. కట్టె, పిడక, కందికట్టె పొగయును అటువంటిదే. మన ప్రాంతములోనే దీనిని కొలిచినారు. నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెలలో కల్పనా బాలకృష్ణన్ బృందము ఇండ్లలోని గాలిని కొలిచి, 2004లో ఫలితములను ప్రకటించినది. ఊపిరితిత్తుల లోపలికి చొరబడే సన్నని ధూళి, ఒక రోజు సగటున గ్యాసు వాడే ఇండ్లలో ఘనమీటరుకు 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టె, పిడకలు వాడే ఇండ్లలో 732 వరకు ఉన్నది. అనగా పది రెట్లు! కట్టెపొయ్యి ఇండ్లలో అందరికంటె ఎక్కువ పొగ పీల్చేది వంట చేసే స్త్రీయే. జహీరాబాదు ఆనాడు మెదకు జిల్లాలో ఉండెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. కొలిచిన జిల్లాలు దాని ఇరుగుపొరుగువే. పొయ్యియు, కట్టెయు ఒకటే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకము గ్యాసు పొయ్యిని పేద ఇండ్లకు తెచ్చినవి. కాని సిలిండరు ఖరీదు భారమైనప్పుడు కట్టెలపొయ్యి మరల వెలుగుతుంది. పైగా నలుబది యేండ్లు పీల్చిన పొగ చేసిన చెరుపు ఒక్కనాటితో పోదు.

ఏమి చేయవలెను?

పని చేస్తే వచ్చే ఆయాసమంతా ఈ ఒక్క కారణముననే రాదు. రక్తహీనత, గుండెజబ్బు, ఉబ్బసము, పూర్వము వచ్చి తగ్గిన క్షయ, ఇవన్నియు చూడవలసినవే. మన రాష్ట్రములో ప్రసవవయసు స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నవి. కనుక హిమోగ్లోబిను పరీక్ష మొదట చేయించవలెను. అది సరిగా ఉండి, గుండెయు బాగుండి, ఆయాసము మిగిలితే, కూర్చోబెట్టి చేసిన పరీక్షతో తృప్తిపడరాదు. ఆరు నిమిషములు నడిపించి చూచే పరీక్ష సులభమైనది. సౌకర్యమున్న పెద్ద ఆసుపత్రులలో సైకిలు త్రొక్కుచుండగా ఊపిరిని కొలిచే పరీక్ష కూడ ఉన్నది.

రోగి చెప్పవలసిన తీరు కూడ ఉన్నది. "ఆయాసము వస్తున్నది" అంటే చాలదు. "నిరుడు మోపుతో చేను నుండి ఇంటికి ఆగకుండ వచ్చేదానను, ఇప్పుడు రెండుసార్లు దింపుకొంటున్నాను" అని చెప్పితే వైద్యునికి అది ఒక కొలత అవుతుంది.

పొగ మానుట మొదటి మందు. గ్యాసు వీలుకానిచోట పొయ్యిని ఆరుబయట, లేదా పొగగొట్టము క్రింద పెట్టినచో కొంత మేలు. వైద్యుడు ఇచ్చిన పీల్చే మందు, సలహా ప్రకారము నడక, కాళ్ల కండరములకు పని కూడ అవసరమే. ఆయాసమునకు భయపడి కదలక కూర్చుంటే కండరములు క్షీణించి, చిన్న పనికే రొప్పు వస్తుంది. గట్టు ఎక్కేటప్పుడు ముక్కుతో పీల్చి, పెదవులు ముడిచి, దీపము ఆరకుండ ఊదినట్లు మెల్లగా గాలి వదలవలెను. అప్పుడు సన్నని నాళములు మూసుకొనక, చిక్కిన గాలికి బయటికి వచ్చే వ్యవధి దొరుకుతుంది. కూర్చున్నప్పుడు కూడ ఆయాసము, రొమ్ములో నొప్పి, కాళ్లవాపు, కళ్లెలో రక్తము ఇవి కనబడితే మాత్రము ఆలస్యము చేయరాదు.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులచేత ఒక పని చేయించవచ్చును. ఇంటిలోని పెద్దలను, ముఖ్యముగా వంట చేసే తల్లిని, నాయనమ్మను ఇట్లు అడుగుమనండి: "నిరుడు సులువుగా చేసి, ఈ యేడు ఆగి ఆగి చేస్తున్న పని ఏదైనా ఉన్నదా?" ఉన్నదని చెప్పితే, దానిని వయసు ఖాతాలో వ్రాసి ఊరకొనరాదు. ఆమె పీల్చే గాలి ఎంతో, అందులో వృథా అయ్యేది ఎంతో చూడవలసిన పని వైద్యునిది. ఆమెను వైద్యుని దగ్గరకు తీసికొనిపోవలసిన పని మనది.