బతుకమ్మ చీరకు ఎన్ని గొడుగులు?

మా చేవెళ్ల, మొయినాబాద్ వైపు రేషన్ కార్డున్న ఇళ్లల్లో 2017 నుంచి బతుకమ్మ చీరలు కనిపించేవి. పాలిస్టర్ దారంతో సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి. సర్కారు ఆర్డరే ఆ మగ్గాలకు రక్షణ.

ఇంకో రక్షణ మనకు కనిపించదు. పాలిస్టర్‌కు ముడిసరుకు పీటీఏ అనే పొడి. కొన్ని దేశాల నుంచి అది చౌకగా దిగకుండా కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అంటే పొడి చేసేవాళ్లకు గొడుగు పట్టి, ఆ భారం దారం కొనేవాళ్ల నెత్తిన పెట్టింది. 2020 బడ్జెట్‌లో ఎత్తేశారు.

జీఎస్టీ మరీ తమాషా. కృత్రిమ పోగు మీద 18 శాతం, దారం మీద 12, బట్ట మీద 5. ముడిసరుకుకే పన్ను ఎక్కువ! ఈ లాజిక్ ఏ ప్రోగ్రామర్ రాశాడో నాకైతే అర్థం కాలేదు. 2025 సెప్టెంబరులో గానీ మూడూ 5కి రాలేదు.

ఈలోపే, 2024లో, బతుకమ్మ చీరల ఆర్డర్ ఆగింది. సిరిసిల్లలో మగ్గాలకు పని తగ్గింది.