కొత్తగా అమెరికా చేరిన భార్య: తొలి ఆదాయపు పన్ను రిటర్ను

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అమెరికా పన్ను చట్టం దృష్టిలో ‘నివాసి’ హోదా ఎప్పుడు మొదలవుతుందో చెప్పగలుగుతారు.
• ఉమ్మడి రిటర్నుకు, విడి రిటర్నుకు మధ్య పన్ను తేడాను లెక్కకట్టగలుగుతారు.
• ఉమ్మడి రిటర్నుపై చేసే సంతకం వల్ల వచ్చే బాధ్యతను వివరించగలుగుతారు.

1. పరిచయం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుండి పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లే ఆడపిల్లలు చాలామంది ‘నాకు అక్కడ ఉద్యోగమే లేదు, పన్నుతో నాకేం పని?’ అనుకుంటారు. మార్చిలోనో ఏప్రిల్‌లోనో భర్త కాగితాలు ముందు పెడితే, చదవకుండానే సంతకం చేస్తారు. ఆ సంతకానికి అర్థమేమిటో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

నిజాంపట్నం మండలం అడవులదీవికి చెందిన ఒక యువతి ఉందనుకోండి. ఆమె 2023 ఫిబ్రవరిలో ఒక అమెరికా పౌరుణ్ణి పెళ్లి చేసుకుంది. 2024 జనవరి నుండి జూన్ వరకు ఒక ప్రైవేటు బడిలో నెలకు 20,000 రూపాయల జీతానికి పాఠాలు చెప్పి, ఆగస్టు 10న వలస వీసాపై అమెరికాలో దిగింది. పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఇచ్చిన ఎకరంన్నర వరి పొలం మీద ఏడాదికి 40,000 రూపాయల కౌలు వస్తుంది. బ్యాంకు డిపాజిట్ మీద మరో 20,000 రూపాయల వడ్డీ వస్తుంది. భర్త జీతం 70,000 డాలర్లు.

2. నివాసి హోదా

మన పన్ను సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. అమెరికాలో అది జనవరి నుండి డిసెంబరు వరకు. రిటర్ను దాఖలుకు సాధారణ గడువు మరుసటి ఏడాది ఏప్రిల్ 15. డిసెంబరు 31 నాటికి వివాహితులైతే ఆ ఏడాదంతా వివాహితులుగానే లెక్క.

వలస వీసాపై వెళ్లినవారు శాశ్వత నివాసిగా అమెరికాలో అడుగుపెట్టిన రోజు నుండి పన్నుకు కూడా నివాసులే. ఇతర వీసాలపై ఉన్న చాలామందికి రోజుల లెక్క వర్తిస్తుంది: ఆ ఏడాది కనీసం 31 రోజులు అక్కడ ఉండాలి, ఆ ఏడాది రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 కావాలి.

మన ఉదాహరణలోని యువతి ఆగస్టు 9 వరకు అనివాసి, 10 నుండి నివాసి. దీన్ని ద్వంద్వ హోదా సంవత్సరం అంటారు. ఈ హోదాతో రిటర్ను వేసేవారికి స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. ఉమ్మడి రిటర్ను వేసే వీలూ ఉండదు. అయితే అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 6013 ఒక వెసులుబాటు ఇస్తుంది. ఇద్దరూ సంతకం చేసిన ప్రకటనను రిటర్నుకు జతపరిస్తే, ఆమెను ఏడాది పొడవునా నివాసిగా భావించి ఉమ్మడి రిటర్నును అంగీకరిస్తారు. ఇది హక్కే గాని నిర్బంధం కాదు.

3. రెండు దారుల లెక్క

విడి రిటర్ను: భర్త జీతం 70,000 డాలర్లలో 2024 స్టాండర్డ్ డిడక్షన్ 14,600 తీసివేస్తే 55,400. దానిపై పన్ను 7,241 డాలర్లు. ఆమె భారతదేశంలో ఆగస్టుకు ముందు సంపాదించినది అమెరికా పన్ను పరిధిలోకి రాదు. ఆ తరువాత చేతికి వచ్చిన కౌలు, వడ్డీ మాత్రం వస్తాయి.

ఉమ్మడి రిటర్ను: ఆమె ఏడాది ఆదాయం మొత్తం 1,80,000 రూపాయలు. డాలరుకు 84 రూపాయల చొప్పున సుమారు 2,143 డాలర్లు. ఇద్దరిదీ కలిపి 72,143. డిడక్షన్ 29,200 పోగా 42,943. దానిపై పన్ను 4,689 డాలర్లు.

ఆదా సుమారు 2,550 డాలర్లు. అందుకే చాలా జంటలు ఉమ్మడి రిటర్నును ఎంచుకుంటాయి. అయితే ఈ ఆదా కోసం ఆమె ఏడాది పొడవునా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపించాలి.

4. తరచుగా వదిలేసే రెండు అంశాలు

మొదటిది కౌలు. భారతదేశంలో వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి ‘అది లెక్కలోకి రాదు’ అనుకుంటారు. అమెరికా చట్టంలో ఆ మినహాయింపు లేదు. ఇక్కడ పన్ను కట్టి ఉంటే విదేశీ పన్ను క్రెడిట్ కోరవచ్చు. కట్టని పన్నుకు క్రెడిట్ ఎక్కడిది?

రెండవది బ్యాంకు ఖాతాలు. విదేశీ ఖాతాల్లోని నిల్వలు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే విడిగా నివేదిక ఇవ్వాలి. ఇది పన్ను కాదు, సమాచారం మాత్రమే. ఆమె పేరున 3 లక్షల డిపాజిట్ ఉందనుకోండి. నాన్నగారి 7 లక్షల డిపాజిట్‌లో ఆమెది రెండో పేరు. ఆ సొమ్ము నాన్నగారిదే అయినా, ఉమ్మడి ఖాతాను పూర్తిగా లెక్కించాలి. మొత్తం 10 లక్షలు, అంటే దాదాపు 11,900 డాలర్లు. నివేదిక తప్పదు.

5. సంతకం బరువు

ఉమ్మడి రిటర్నులో భార్యాభర్తలు ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు. భర్త ఆదాయం దాచినా, బకాయి మొత్తాన్ని భార్య నుండి వసూలు చేయవచ్చు. విడాకులు తీసుకున్నా ఆ ఏడాది బాధ్యత పోదు. తప్పు తనకు తెలియదని, తెలిసే అవకాశం కూడా లేదని చూపగలిగితే ఫారం 8857 ద్వారా ఉపశమనం కోరవచ్చు. అది దొరుకుతుందన్న హామీ లేదు.

మరోవైపు, ఉమ్మడి రిటర్ను ఆమెకూ పనికొచ్చే కాగితమే. పెళ్లయి రెండేళ్లు నిండకముందు శాశ్వత నివాసిగా ప్రవేశించినవారికి రెండేళ్ల షరతులతో కూడిన గ్రీన్ కార్డు ఇస్తారు. ఆ షరతులు తొలగించమని కోరేటప్పుడు, కాపురం నిజమైనదనడానికి ఆధారాల్లో ఒకటిగా ఈ రిటర్నును చూపవచ్చు.

కాబట్టి సంతకానికి ముందు ఆదాయం, డిడక్షన్, రీఫండ్ ఏ ఖాతాలో పడుతుందన్న వివరం మీరే చదవండి. అర్థం కానిది అడగండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. అడగడం అనుమానించడం కాదు. సంతకం మీది కనుక తెలుసుకోవడం మీ హక్కు.

6. సారాంశం

ఉమ్మడి రిటర్ను సాధారణంగా పన్ను తగ్గిస్తుంది. దానితోపాటు ప్రపంచవ్యాప్త ఆదాయాన్ని వెల్లడించే విధిని, భాగస్వామి లెక్కల బాధ్యతను తెస్తుంది. రెండు దారులనూ లెక్కకట్టి, చదివి, ఆ తరువాతే సంతకం చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ద్వంద్వ హోదా సంవత్సరం అంటే ఏమిటి?
2. పై ఉదాహరణలో భర్త జీతం 50,000 డాలర్లయితే విడి, ఉమ్మడి రిటర్నులలో పన్ను విధించదగిన ఆదాయం ఎంత?
3. కౌలు ఆదాయం విషయంలో రెండు దేశాల చట్టాల తేడాను వివరించండి.