జీవుల అక్షరములను కలసి చదువుదాము

2021వ సంవత్సరపు తొలి నెలలలో చిలకలూరిపేట ప్రాంతపు మిరపచేలలో ఒక క్రొత్త పురుగు కనిపించినది. అది తామరపురుగుల కుటుంబమునకు చెందినదే. కాని మన మిరప రైతు ఏనాటి నుండియో ఎరిగిన తామరపురుగు లేత ఆకులను పట్టి పైముడుత తెచ్చును. ఈ క్రొత్తది నల్లగా నుండి పూలలో గుంపులుగా చేరినది. పూత రాలినది, కాయ నిలువలేదు. ఆ సంవత్సరము చివరకు ఇది గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎన్నో చేలను పాడుచేసినది. మందు మీద మందు కొట్టినను ఫలితము లేక పంటను దున్నివేసిన రైతులు ఉన్నారు.

అప్పుడు అందరి నోట ఒకే ప్రశ్న: ఇది ఏ పురుగు? పేరు తెలియనిదే దాని పుట్టిల్లు, అలవాట్లు, సహజ శత్రువులు తెలియవు. శాస్త్రజ్ఞులు దీనిని త్రిప్స్ పార్విస్పినస్ అని గుర్తించిరి. ఆగ్నేయాసియాకు చెందిన ఈ కీటకము మన దేశమున బెంగుళూరులో బొప్పాయి మీద ఉన్నట్లు 2015లోనే ప్రకటింపబడినది. ఇటువంటి సూక్ష్మ కీటకములను గుర్తించుటకు రెండు మార్గములు కలవు. ఒకటి సూక్ష్మదర్శిని క్రింద అవయవములను పరీక్షించుట. రెండవది దాని డి.ఎన్.ఏ.లోని అక్షరములను చదివి, ఇదివరకు తెలిసిన వానితో పోల్చుట. ఇట్టి పోలికలను కంప్యూటరు సహాయముతో చేయు విద్యకే జీవసమాచార శాస్త్రమని పేరు. ఆ విద్య మన మిరప, ప్రత్తి మైదానములో వేరూనవలెనన్న ఏమి కావలెనో ఈ వ్యాసమున విచారింతము.

నాలుగక్షరముల గ్రంథము

డి.ఎన్.ఏ. అను పదార్థము ఎ, టి, జి, సి అను నాలుగు రసాయనిక అక్షరములతో వ్రాసిన గ్రంథము వంటిది. మిరప గ్రంథములో ఈ అక్షరములు మూడువందల కోట్లకు పైగా కలవు. దానిని చదివిన ఫలితములు 2014లో ప్రచురింపబడినవి. మిరపకు బొబ్బర తెగులు తెచ్చు వైరసు గ్రంథము చాల చిన్నది, సుమారు 2,700 అక్షరములు మాత్రమే. జంతువుల జాతిని గుర్తించుటకు గ్రంథమంతయు చదువ నక్కరలేదు. 2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ చేసిన సూచన ననుసరించి, మైటోకాండ్రియాలోని ఒక జన్యువు నుండి సుమారు 650 అక్షరముల ముక్కను చదివిన పెక్కు సందర్భములలో చాలును.

పోల్చుట ఎట్లు?

ఉపాధ్యాయులు దీనిని నల్లబల్ల మీదనే చూపవచ్చును. ఈ రెండు వరుసలను చూడుడు:

మొదటిది: ఎ టి జి సి సి ఎ టి టి ఎ జి
రెండవది: ఎ టి జి టి సి ఎ టి ఎ జి

రెండవ వరుసలో ఒక అక్షరము తక్కువ. ఉన్నది ఉన్నట్లు ఒకదాని క్రింద ఒకటి వ్రాసిన ఆరుచోట్ల కలియును, మూడుచోట్ల కలియదు, చివర ఒక ఖాళీ మిగులును. రెండవ వరుసలో ఏడవ అక్షరము తరువాత ఒక ఖాళీ నుంచి మిగిలినవి జరిపినచో, ఎనిమిదిచోట్ల కలియును, ఒకచోట మాత్రమే కలియదు. కలిసిన ప్రతి చోటికి ఒక మార్కు కలిపి, కలియని చోటికి ఒకటి, ఖాళీకి రెండు తీసివేయుదము. మొదటి అమరికకు 1 మార్కు, రెండవ దానికి 5 మార్కులు వచ్చును. కనుక రెండవ అమరికయే మేలైనది.

అన్ని అమరికలలో ఉత్తమమైన దానిని తప్పక కనుగొను గణిత పద్ధతిని నీడిల్‌మన్, వున్ష్ అనువారు 1970లో ప్రకటించిరి. కోట్లకొలది వరుసలున్న భాండారములో వేగముగా వెదకుటకు 1990లో బ్లాస్ట్ అను సాధనము వచ్చినది. పద్ధతి మారినను, మార్కులు వేయు సూత్రము మన నల్లబల్ల మీది సూత్రము వంటిదే.

ప్రత్తి రైతుకును దీనితో పని కలదు. మన దేశమున 2002లో బీటీ ప్రత్తి సాగుకు అనుమతి లభించినది. తరువాతి కాలమున గులాబి రంగు పురుగు ఆ విషమునకు తట్టుకొనుట నేర్చినది. అట్టి భారతీయ పురుగులలో కాధెరిన్ అను ప్రొటీను యొక్క జన్యుసందేశమున మార్పులున్నట్లు 2014లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపినది. అక్షరములను పోల్చుట చేతనే అట్టి మార్పులు బయటపడును.

ఇంటి విత్తనము వంటి సాధనములు

బ్లాస్ట్ సాధనమును ఎవరైనను వెల లేకుండ వాడుకొనవచ్చును. 2005లో అమెరికాలో ప్రారంభమైన గెలాక్సీ అను వేదిక కూడ అట్టిదే. వీని లోపలి ఆదేశములను ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఇట్టి వానికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు అని పేరు. సంకర విత్తనమును ఏటేట కొనవలెను. ఇంటి విత్తనమును దాచుకొని, మెరుగుపరచి, పొరుగువానికి ఈయవచ్చును. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు ఇంటి విత్తనము వంటిది. పోల్చుటకు కావలసిన అక్షరముల భాండారము కూడ, 1982లో మొదలైన జెన్‌బ్యాంక్ రూపమున, అందరికిని తెరచియే ఉన్నది.

అయినను ఉచితముగా దొరకినంత మాత్రమున విద్య అబ్బదు. మా తరగతిలోని ఒక విద్యార్థి ఇట్టి సాధనము నొకదానిని తన కంప్యూటరులో ఎక్కించుకొనెను. నడుపగానే తెర మీద ఆంగ్లమున ఒక దోషవాక్యము వచ్చినది. తనకు ఈ విద్య రాదని తలచి వారము దినములు దాని జోలికి పోలేదు. పై తరగతి విద్యార్థిని ఒకతె చూచి, "ఫోల్డరు పేరులో మాటల మధ్య ఖాళీ ఉన్నది, తీసివేయి" అని తెలుగులో చెప్పినది. ఐదు నిమిషములలో పని జరిగినది. ఆమెకు ఆ సంగతి తెలియుటకు కారణము, అంతకు ముందు తానును అచ్చటనే ఆగిపోవుటయే. విత్తనము దాచుకొన్న రైతుకు పదను చెప్పు పొరుగువాడు ఎంత అవసరమో, సాఫ్ట్‌వేరుకు తోటి అభ్యాసకుల సంఘము అంత అవసరము.

ఇతరులు చేసిన పనులు

ఇట్టి సంఘములు ఇదివరకే పని చేసి చూపినవి. 2008లో మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ క్షయవ్యాధి మందుల కొరకు ఒక బహిరంగ పరిశోధనా పథకమును ప్రారంభించినది. దాని క్రింద 2010 నాటికి వందలాది విద్యార్థులు ఎవరి ఊరిలో వారుండి, క్షయ సూక్ష్మజీవి యొక్క సుమారు నాలుగు వేల జన్యువుల సమాచారమును పంచుకొని పరిశీలించిరి. ఆఫ్రికాలో హెచ్.త్రీ.ఎ.బయోనెట్ అను సంఘము 2016లో పది దేశములలోని ఇరవై తరగతిగదులలో ఒకేసారి ఈ విద్యను బోధించినది. పాఠము అందరికిని ఒక్కటే. కాని ప్రతి గదిలో సందేహము తీర్చుటకు స్థానికులైన సహాయకులు ఉండిరి. మన తెలుగునాట 2005లో హైదరాబాదున ప్రారంభమైన స్వేచ్ఛ అను సంస్థ కంప్యూటరు తెర మీది మాటలను తెలుగులోనికి తెచ్చుటకు కృషి చేసినది. సాధనము ఎచ్చట పుట్టినను, దానిని నేర్పు మనుష్యులు మాత్రము దగ్గర నుండవలెనని ఈ ఉదాహరణలు తెలుపుచున్నవి.

మన మైదానములో

గుంటూరు ప్రక్కనున్న లాం వ్యవసాయ పరిశోధనా క్షేత్రము 1922 నుండి పని చేయుచున్నది. మన జిల్లాలలో డిగ్రీ కళాశాలలు, కంప్యూటరు గదులు కలవు. కావలసినది వీనిని కలుపు దారము. నెలకు ఒక దినము, నాలుగైదు కళాశాలల విద్యార్థులు ఒకచోట చేరవలెను. తామరపురుగు, తెల్లదోమ, బొబ్బర వైరసు వంటి మన సమస్యలలో ఒకదానిని ఏటికి ఒకటి చొప్పున ఎన్నుకొనవలెను. ప్రయోగశాల లేకున్నను, జెన్‌బ్యాంకులో ఉన్న వరుసలతోనే అభ్యాసము మొదలిడవచ్చును. ఎదురైన ప్రతి దోషమును, దాని పరిష్కారమును తెలుగులో ఒక పుస్తకమున వ్రాసి ఉంచవలెను. సాఫ్ట్‌వేరులో తప్పు కనిపించిన దానిని రచించినవారికి తెలుపవలెను. తీసుకొనుట మాత్రమే కాక తిరిగి ఇచ్చుట కూడ ఉన్నప్పుడే అది సంఘమగును.

ఉన్నత పాఠశాలకును ఇందు భాగము కలదు. పైన చెప్పిన అమరిక ఆట ఆడుటకు కాగితము, పెన్సిలు చాలును. విద్యార్థులు తమ చేనిలో ఏ పురుగు, ఏ తేదీన, మొక్కలో ఏ భాగమున కనిపించినదో వ్రాసి ఉంచిన, ఆ చిట్టా రేపటి పరిశోధకునకు అమూల్యమగును.

ఒక హెచ్చరిక అవసరము. భాండారములో సీసా మీద తప్పు చీటీ అంటించినట్లు, తప్పు పేరుతో చేరిన వరుసలు కూడ ఉండును. కంప్యూటరు పోలికను మాత్రమే చెప్పును, సత్యమునకు హామీ ఈయదు. కనుక పురుగు నమూనాను భద్రపరచి కీటక శాస్త్రజ్ఞునకు చూపకుండ రైతుకు పేరు గాని మందు గాని చెప్పరాదు. పదిమంది కలసి చదువుటలో ఉన్న మేలు ఇదియే. ఒకరి తప్పును మరియొకరు పట్టుకొందురు.

క్రొత్త పురుగులు ఇక ముందును వచ్చును. వచ్చిననాడు దాని పేరు కొరకు దూరపు ఊళ్ల వైపు చూచుటతో పాటు, నమూనా ఎట్లు తీయవలెనో, వరుసను ఎట్లు చదువవలెనో, ఎవరిని అడుగవలెనో తెలిసిన వారు చిలకలూరిపేటలోను, ఒంగోలులోను ఉండవలెను. అట్టివారు నేడు మన తరగతిగదులలో కూర్చొని ఉన్న పిల్లలే.